బిగువూ వదులూ: ఒక బకిల్ పనితనం

పత్తి బేలు ప్రెస్సులోంచి బయటికొచ్చే క్షణం చూడదగ్గది. జిన్నింగ్‌లో గింజ వదిలిన దూదిని పెట్టెలోకి తోసి, హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కుతారు. మన దేశంలో ఒక బేలుకు లెక్క 170 కిలోలు. నొక్కుడు ఆఖరుకు వచ్చాక, ప్రెస్సు ఇంకా అదిమిపట్టి ఉండగానే బేలు చుట్టూ కట్లు వేసి కొసలు కలుపుతారు. తర్వాత ప్రెస్సు వెనక్కి జరుగుతుంది. అప్పటిదాకా యంత్రం మోసిన భారమంతా ఆ కట్ల మీదికి మారుతుంది. దూది ఉబ్బుతుంది, కట్లు దూదిలోకి దిగబడతాయి, కొసలు కలిసిన చోట లోహం ఒక్కసారి సర్దుకుంటుంది. ఇక కదలదు. లారీ ఎక్కినా, రైలెక్కినా, ఓడెక్కినా, నూలు మిల్లులో ఎవరో వచ్చి కత్తిరించేదాకా ఆ బేలు అదే కొలతలో ఉంటుంది.

అంత ఒత్తిడినీ ఆపేది కొసల దగ్గరుండే చిన్న ముడి. పట్టీ ఎంత బలమైనదైనా దాని బలం కొసలు కలిసే చోట ఎంతో అంతే. అందుకే పట్టీల సంగతి తెలిసినవాళ్లు ముందు పట్టీని చూడరు, బకిల్‌ను చూస్తారు.

సి.బెళగల్ మండలం కర్నూలుకు పడమట, తుంగభద్ర ఒడ్డున ఉంది. పత్తి, వేరుశనగ, ఉల్లి పండే నేల. ఇటు ఎమ్మిగనూరు, దాన్ని దాటితే ఆదోని. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోనిది ముందు వరస. ఈ దారిలో ఒక రోజు నడిస్తే పట్టీని పట్టి ఉంచే ఉపాయాలన్నీ కనిపిస్తాయి. ఎద్దు మెడలో మువ్వల పట్టెడకు ముల్లున్న బకిల్. కాడి కింద మెడకు చుట్టే పట్టెడకు బకిలే లేని కట్టు. ఉల్లి మూటల లారీ మీద మోకు, దాని పక్కనే కొత్తగా వచ్చిన రాచెట్ బెల్టు. మోటార్ సైకిల్ మీద పోయే మనిషి గడ్డం కింద హెల్మెట్ పట్టీ. ఆదోని మిల్లులో బేలు కట్టు. ఇవన్నీ చేసేది ఒకే పని. అయినా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. ఎందుకు పనికిరాదో అర్థమైతే బకిల్ తయారుచేసిన మనిషి తెలివి మన చేతికి అందుతుంది.

ముందు మువ్వల పట్టెడ. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకు పెద్ద ఎద్దుల సంత జరుగుతుంది. ఎద్దులతో పాటు వాటికి కావలసిన సామగ్రీ అక్కడ అమ్మకానికి వస్తుంది. ఏరువాక పున్నమికి కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో కట్టే పట్టెడలు అందులో ఒక భాగం. వెడల్పాటి తోలు పట్టీ, దాని మీద వరసగా మువ్వలు, ఒక కొసన బకిల్, రెండో కొసన రంధ్రాలు. మువ్వలను అందరూ చూస్తారు. నా చూపు బకిల్ దగ్గర ఆగుతుంది.

ఈ బకిల్‌లో ఉన్నవి మూడే: ఒక చట్రం, ఒక ముల్లు, ముల్లు తిరిగే కడ్డీ. పట్టీని చట్రంలోంచి దూర్చి లాగి, ముల్లును రంధ్రంలోకి దించి వదిలితే, పట్టీ వెనక్కి జారబోయి ముల్లును చట్రం అంచుకు అదుముతుంది. ఎద్దు మెడ ఎంత గట్టిగా లాగితే ముల్లు అంత గట్టిగా అంచుకు ఆనుకుంటుంది. దీన్ని విప్పాలంటే ఏం చేయాలి? పట్టీని ముందు ఇంకొంచెం బిగించాలి. ముల్లు రంధ్రంలోంచి లేచేటంత వెనక్కి తోలును లాగితే తప్ప అది బయటికి రాదు. విప్పుకోవడానికి బిగించక తప్పదు. ఎద్దు తనంతట తాను చేయలేని పని అది, మనిషి చేయగలిగిన పని. ఇంత పాత వస్తువులో ఇంత శుభ్రమైన ఆలోచన ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. స్ప్రింగు లేదు, తాళం లేదు. ఏ బలం పట్టెడను ఊడదీయాలని చూస్తుందో ఆ బలమే దాన్ని బంధిస్తుంది.

పైకి ఒకేలా కనిపించే రెండు బకిల్స్‌లో మంచిదేదో, నాసిదేదో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చట్రాన్ని ఇనుప తీగ వంచి చేస్తే కొసలు కలిసే చోట ఒక అతుకు మిగులుతుంది. తెలిసినవాడు ఆ అతుకును ముల్లు తిరిగే కడ్డీ వైపు, తోలు మడత కిందికి పోయేలా పెడతాడు. అక్కడ తోలు చుట్టూ పట్టి ఉంటుంది కాబట్టి అతుకు విచ్చుకోదు. తెలియనివాడిది అతుకు పక్కకడ్డీలో ఉంటుంది, నాలుగు లాగుళ్లకు నోరు తెరుస్తుంది. ముల్లు చూడండి. కొన చట్రం అంచు మీద సరిగ్గా ఆగాలి. పొట్టిదైతే భారం పడ్డప్పుడు చట్రంలోంచి లోపలికి జారిపోతుంది, పొడుగైతే ఎద్దు చర్మానికి గుచ్చుకుంటుంది, గడ్డికో తాడుకో తగులుకుంటుంది. అంచు మీద ముల్లు కూర్చోవడానికి చిన్న పల్లం తీసి ఉంటే ముల్లు పక్కకు జరగదు. కొన్నిటికి ఆ అంచు మీద సన్నని గొట్టం తొడిగి ఉంటుంది. పట్టీ లాగేటప్పుడు ఆ గొట్టం తిరుగుతుంది. తోలు ఒరుసుకోదు, బిగించడానికి చేతికి శ్రమ తగ్గుతుంది. బిగించడం తేలికైతే మనిషి సరైన రంధ్రం దాకా బిగిస్తాడు, కష్టమైతే ఒక రంధ్రం ముందే ఆపేస్తాడు. ఆ ఒక్క రంధ్రం తేడా ఎంతటిదో తర్వాత చెబుతాను.

చట్రం వెడల్పు కూడా లెక్కే. పట్టీ కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ ఉండాలి. మరీ ఎక్కువైతే పట్టీ ఒక మూలకు జరిగి, భారమంతా ఒక అంచు మోస్తుంది. చట్రం మూలలు గుండ్రంగా ఉండి, పట్టీ బల్లపరుపుగా ఆనే భాగం తిన్నగా ఉండటం మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, తోలు ఒంపు తిరిగే ప్రతిచోటా లోహం అంచు నున్నగా ఉండాలి. పట్టీలు చాలావరకు లాగుడుకు తెగవు, ఒకేచోట పదేపదే మడతపడి తెగుతాయి.

తోలు వైపు పని ఇంకా సున్నితం. ముల్లు బయటికి రావడానికి మడత దగ్గర ఒక పొడుగాటి సందు కావాలి. కత్తితో గీత గీసి సందు చేస్తే గీత కొసల దగ్గర చిరుగు మొదలై పాకిపోతుంది. మంచి పనివాడు ముందు రెండు కొసలా గుండ్రటి రంధ్రాలు పొడిచి, ఆ రెండిటి మధ్య తోలును కోస్తాడు. గుండ్రటి అంచు దగ్గర చిరుగుకు మొదలు దొరకదు. విమానం కిటికీల మూలలను గుండ్రంగా చేయడం వెనకా ఇదే కారణం ఉంది. చదరానికి దగ్గరగా ఉన్న తెరపుల మూలల దగ్గర లోహం బీటలిచ్చి కామెట్ విమానాలు 1954లో కూలిపోయాక ప్రపంచం నేర్చుకున్న పాఠం అది. తోలుపని చేసే చేతికి ఆ సంగతి పని నేర్చుకునేటప్పుడే అలవాటవుతుంది.

మడత కుట్టే తీరూ అంతే. ఒక దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి కుడతారు. ఎక్కడైనా ఒక పోగు తెగితే ఎదురుగా వచ్చిన పోగు పట్టుకుని ఉంటుంది. యంత్రం కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే వరసంతా ఊడుతూ పోతుంది.

లోహం ఎంపికలో ఒక ముచ్చట ఉంది. దక్షిణాదిలో తోలు ఊనడానికి తంగేడు చెక్క పేరుపొందింది. రాయలసీమ బీళ్లలో పసుపుగా పూసే తంగేడే. దాని చెక్కలోని వగరు పదార్థమే పచ్చి చర్మాన్ని తోలుగా మారుస్తుంది. అదే పదార్థం తడిలో ఇనుమును తాకితే నల్లబడుతుంది. పాతకాలం సిరా తయారీలో జరిగేది ఇదే మార్పు. ఇనుప బకిల్ ఉన్న పట్టెడ మీద, కడ్డీ చుట్టూ తోలు నల్లగా మారి, క్రమంగా పెళుసుబారి ఉండటం చూస్తే కారణం అదీ, ఎద్దు చెమటలో ఉప్పూ. ఇత్తడి బకిల్ ఖరీదెక్కువ. దాని ఖరీదు మెరుపు కోసం ఇచ్చేది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇనుములా తోలును నల్లబరచని లోహం కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా అసలు సంగతి మిగిలే ఉంది. ముల్లు బకిల్ బిగువు ఉన్నంతసేపే నమ్మదగ్గది. ఎద్దు తల వంచి మేస్తుంది, ఎత్తుతుంది, విదిలిస్తుంది. మెడ కండరం ఉబ్బుతుంది, తగ్గుతుంది. వానకు తోలు తడిసి సాగుతుంది. పట్టెడ వదులైన క్షణంలో ముల్లు మీద అదుము ఉండదు. అప్పుడు పట్టీ కొస దేనికైనా తగిలి వెనక్కి తోయబడితే ముల్లు లేస్తుంది, రంధ్రం జారుతుంది. ఒక రంధ్రం ముందే ఆపేయడం ఎంత తేడా అంటే ఇంత.

దీనికి పూర్వులు కనిపెట్టిన విరుగుడు బకిల్ పక్కన కుట్టే చిన్న తోలు వలయం. పట్టీ మిగిలిన కొసను అందులోంచి దూరుస్తారు. చూడటానికి కొస వేలాడకుండా ఉండటానికే అనిపిస్తుంది. నిజానికి ఈ బకిల్‌కు తాళం అదే. కొస పైకి లేవకపోతే పట్టీ వెనక్కి మడతపడదు. మడత పడకపోతే ముల్లు రంధ్రంలోంచి బయటికి రాదు. బిగువులో పట్టేది ముల్లు, వదులులో పట్టేది వలయం. రెండు స్థితులకు రెండు కాపలాలు. పట్టీ బకిల్ రూపకల్పన అంతా ఈ రెండు కాపలాల గురించేనని నా నమ్మకం. భారాన్ని తట్టుకునే బకిల్ చేయడం పెద్ద కష్టం కాదు, లోహం మందం పెంచితే సరిపోతుంది. భారం లేని క్షణంలోనూ వదలని బకిల్ చేయడమే పనితనం.

ఈ కంటితో మళ్లీ ఆదోని బేలు దగ్గరికి వెళితే దాని గొప్పతనం కొత్తగా కనిపిస్తుంది. బేలుకు వదులు అన్నదే లేదు. లోపలి దూది నిమిషం ఊరుకోదు, ఎల్లవేళలా బయటికి తోస్తూనే ఉంటుంది. కాబట్టి బేలు కట్టుకు రెండో కాపలా అక్కరలేదు. బిగువును నమ్ముకుంటే చాలు. ఆ ఒక్క సంగతి గ్రహించిన మనుషులు దాన్ని ఎంత సరళం చేశారో చూడండి.

19వ శతాబ్దం నడుమ దాకా అమెరికాలో బేళ్లను తాళ్లతో కట్టేవారు. తాడు సాగుతుంది, తడిస్తే మగ్గుతుంది, నిప్పు తగిలితే తెగి బేలు విచ్చుకుంటుంది. ఇనుప పట్టీ వచ్చింది గానీ దాని కొసలు కలపడం ఎలా? ప్రెస్సు పట్టి ఉన్న కొద్ది సమయంలో, దుమ్ములో, చెమట చేతులతో, రివెట్లు కొట్టే తీరిక లేకుండా కలపాలి. 1858లో ఫ్రెడరిక్ కుక్ పొందిన పేటెంట్‌లో దానికి ఒక అందమైన జవాబుంది. బకిల్ కడ్డీల్లో ఒకదానికి అడ్డంగా ఒక సందు కోశాడు. మామూలు బకిల్‌లో పట్టీ కొసను రంధ్రంలోంచి పొడుగునా దూర్చాలి. ఇక్కడ పట్టీని ముందే మడిచి, ఆ మడతను పక్కనుంచి సందులోకి జార్చితే సరిపోతుంది. ఒక్క కదలికతో పని అయిపోతుంది. ప్రెస్సు వదలగానే దూది ఉబ్బి పట్టీని లాగుతుంది, మడత కడ్డీని పట్టుకుంటుంది, పట్టీ మిగులు కొస పట్టీకీ దూదికీ నడుమ నలిగి కదలలేకుండా పోతుంది. తాళం వేసేది పత్తే.

ఇక్కడ ఒక మూల్యం ఉంది, చేసినవాడికి అది తెలుసు. మూసి ఉన్న చట్రం రెండు పక్కలా భారం పంచుకుంటుంది. సందు కోసిన చట్రం కొక్కెంలా ఒంటి పక్కన మోయాలి, కాబట్టి లోహం ఎక్కువ పెట్టాలి. వేగం కోసం లోహం ఖర్చు పెట్టాడు. బేలుకు ఒక నిమిషం మిగిలితే రోజుకు ఎన్ని బేళ్లు పెరుగుతాయో లెక్క వేసుకునే మిల్లుకు అది లాభసాటి బేరం. తర్వాత ఇదీ, 1861లో మెకూంబ్ అనే ఆయన పొందిన పేటెంటూ, మరికొన్నీ కలిసి అమెరికన్ కాటన్ టై కంపెనీ చేతికి వచ్చాయి. ఆ కంపెనీ కట్టును బాణం కట్టు అనేవారు.

ఈ బకిల్ మీద నడిచిన దావా ఒకటి పేటెంట్ చట్టం చదివేవారికి ఇప్పటికీ పాఠమే. కంపెనీ బకిల్ మీద 'ఒక్కసారి వాడకానికే అనుమతి' అన్న అర్థం వచ్చే మాటలు అచ్చు వేసేది. నూలు మిల్లులో బేలు విప్పేటప్పుడు పట్టీని కత్తిరిస్తారు, ఇనుము తుక్కుకింద అమ్మేస్తారు. కొందరు ఆ తుక్కు కొని, పట్టీ ముక్కలను సాపుచేసి, రివెట్లతో అతికి, పాత బకిల్స్‌తో మళ్లీ కట్లుగా అమ్మారు. బకిల్‌ను వాళ్లు చేయలేదు, ఉన్నదాన్నే వాడారు. అయినా 1882లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. మిల్లులో పట్టీని కత్తిరించడంతో ఆ కట్టు తన పని ముగించినట్టేననీ, ముక్కలు అతికి మళ్లీ కట్టుగా చేయడం మరమ్మతు కాదు, కొత్తగా తయారుచేయడమేననీ దాని వాదన. న్యాయం ఎటుందో చదువరులు తేల్చుకోవచ్చు. నాకు ఆ తీర్పులో కనబడేది బకిల్ స్వభావం గురించిన ఖచ్చితమైన గమనిక. బేలు కట్టు విప్పడానికి చేసిన వస్తువు కాదు. దాన్ని విప్పాలంటే 170 కిలోల పత్తిని మళ్లీ ప్రెస్సులో నొక్కాలి. అది ఎవరూ చేయరు, కాబట్టి కత్తిరిస్తారు. విప్పే అవసరాన్నే లెక్కలోంచి తీసేశారు గనక ఆ బకిల్ అంత సరళంగా, అంత చవగ్గా ఉండగలిగింది.

మన పత్తికీ ఈ ఇనుప కట్లు రాక తప్పలేదు. అప్పట్లో ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది, 1953లో కర్నూలులో కలిసింది. ఆ ప్రాంతపు పత్తిని వ్యాపారులు 'వెస్టర్న్స్' అనేవారు. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారి మీదే ఉంది. ఓడలో కిరాయి పత్తి ఆక్రమించే చోటును బట్టి ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత లాభం. నొక్కినకొద్దీ కట్టు మీద భారం. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప పట్టీల బదులు కొసలు వంచి ఒకదానిలో ఒకటి తగిలించే ఉక్కు తీగలూ, పాలియెస్టర్ పట్టీలూ వచ్చాయి. తీగ కొసల కొక్కేలలోనూ సూత్రం అదే, పత్తి లాగుతుంది, కొక్కెం బిగుస్తుంది.

ముల్లూ రంధ్రమూ లేని పట్టీల సంగతి వేరు. అక్కడ పని చేసేది ఒరిపిడి. లారీ మీద మోకు కట్టే మనిషి కొక్కేనికి రెండు చుట్లు తిప్పి, కొసను ఒక చేత్తో పట్టుకుని, అవతల మూటలన్నీ ఆపుతాడు. గణితవేత్త ఆయిలర్ 18వ శతాబ్దంలో దీనికి లెక్క కట్టాడు. తాడుకూ ఇనుముకూ ఒరిపిడి అంకె 0.3 అనుకుంటే, అర చుట్టుకు చేతి బలం రెండున్నర రెట్లు అవుతుంది. ఒక చుట్టుకు ఆరున్నర, రెండు చుట్లకు 43, మూడు చుట్లకు 285. చుట్లు కూడితే బలం హెచ్చవేతలో పెరుగుతుంది. బకిల్‌లోని కడ్డీ చుట్టూ పట్టీ తిరిగేది అర చుట్టే, అంటే రెండున్నర రెట్లే. అది చాలదు. అందుకే పట్టీని వెనక్కి మళ్లించి, దాని కొసను భారం మోసే పట్టీ కిందే దూరుస్తారు. భారం తన కొస మీద తానే కాలు మోపి నిలబడుతుంది.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ హెల్మెట్‌కుండే రెండు రింగుల కట్టు. డి ఆకారపు రెండు ఉక్కు రింగులు. పట్టీని రెండిటిలోంచీ దూర్చి, మళ్లీ ఒక్కదానిలోంచి వెనక్కి తీసుకొచ్చి లాగుతారు. రేసుల్లో వాడే హెల్మెట్లకు ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. కదిలే భాగాలు లేవు, విరిగేదేమీ లేదు, దుమ్ము పడినా ఇబ్బంది లేదు. పైగా ప్రతిసారీ గడ్డానికి సరిపోయేటంత బిగించుకోవచ్చు. దాని కొసకుండే బొత్తాం చూసి చాలామంది అదే కట్టు అనుకుంటారు. అది భారం మోయదు. కొస గాలికి ఎగిరి, వెనక్కి జారి, కట్టు వదులవకుండా పట్టుకుంటుంది. మువ్వల పట్టెడ మీది తోలు వలయమే ఇక్కడ బొత్తాం అయింది. పట్టీని ఒక్క రింగులోంచి మళ్లించడం మరిచిపోతే మాత్రం ఈ కట్టు చూపుకు సరిగ్గానే ఉండి, లాగితే జారిపోతుంది. తప్పుగా కట్టినప్పుడు తప్పుగా కనబడాలి. ఆ ఒక్క గుణంలో రింగులు ముల్లుకు తీసికట్టే. ముల్లు రంధ్రంలో ఉందో లేదో చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

రాచెట్ బెల్టు గురించి కొద్దిగానే చెబుతాను. ఉల్లి మూటలు లారీ కదిలిన కాసేపటికి సర్దుకుంటాయి, కట్టు వదులవుతుంది. అనుభవమున్న డ్రైవరు కొద్ది దూరం పోయాక ఆపి మళ్లీ బిగిస్తాడు. రాచెట్ ఆ బిగింపును సులువు చేసింది. చీలిక ఉన్న ఇరుసులో పట్టీని దూర్చి పిడిని ఆడిస్తే పట్టీ చుట్టుకుంటుంది, పళ్లు వెనక్కి తిరగనివ్వవు. ఇరుసు మీద కనీసం ఒకటిన్నర చుట్టు పడాలంటారు, మూడు దాటకూడదంటారు. తక్కువైతే ఒరిపిడి చాలదు, ఎక్కువైతే పట్టీ ఇరుక్కుంటుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం ఈ బెల్టుల మీద పాలియెస్టర్‌కు నీలం చీటీ, నైలాన్‌కు ఆకుపచ్చ చీటీ, పాలీప్రొపిలీన్‌కు గోధుమరంగు చీటీ ఉంటుంది. నైలాన్ ఎక్కువ సాగుతుంది, పాలియెస్టర్ తక్కువ. సాగడం అంటే రేపటి వదులు కాబట్టి సరుకు కట్టడానికి నీలం చీటీనే ఎంచుకోవడం తెలివి.

ఇక విప్పడం. కాడి కింద ఎద్దు మెడకు చుట్టే పట్టెడకు బకిల్ ఎందుకు పెట్టలేదని ఎప్పుడైనా ఆలోచించారా? మువ్వల పట్టెడకు పెట్టిన చేయే దీనికి పెట్టలేదు. కాడి పట్టెడ ఒక కొస కాడికి శాశ్వతంగా కట్టి ఉంటుంది, రెండో కొసన ఉన్న ఉచ్చును కాడికి దిగ్గొట్టిన పుల్లకు తగిలిస్తారు. బండి బోల్తా పడితే, ఎద్దు కాలువలో జారితే, పుల్ల మీది ఉచ్చు తీస్తే జంతువు బయటపడుతుంది. అక్కడ ముల్లు బకిల్ ఉంటే, ఎద్దు బరువంతా లాగుతుండగా దాన్ని ఇంకా బిగించి విప్పడం ఎవరి తరమూ కాదు. ప్రాణం మీదికి వచ్చే చోట, భారంలోనూ విడిపోవాల్సిన చోట, లాగేకొద్దీ బిగిసే బకిల్ ప్రమాదం. అలంకారానికీ బరువుకూ వేర్వేరు కట్లు ఎంచుకున్న ఆ సేద్యగాళ్ల నిర్ణయంలో ఉన్న విచక్షణను ఏ ఇంజనీరింగ్ పుస్తకమైనా గౌరవించి తీరాలి.

కారు సీటు బెల్టు ఎదుర్కొన్న చిక్కు సరిగ్గా ఇదే. స్వీడన్‌లో విమానాలు చేసే సాబ్ నుంచి వోల్వోకు వచ్చిన నిల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల బిగించే బెల్టును తెచ్చాడు. ఆ బెల్టు వదులులోనూ ఊడకూడదు, గుద్దుకున్న క్షణంలో టన్నుల బలానికీ ఊడకూడదు. కానీ బండి తలకిందులై మనిషి దానికే వేలాడుతున్నా ఒక్క బొటనవేలి నొక్కుకు ఊడిపోవాలి. ఐక్యరాజ్య సమితి 16వ నిబంధన ప్రకారం గుద్దుడు పరీక్ష తర్వాత, పట్టీల మీద భారం ఉంచి, బకిల్‌ను 60 న్యూటన్లకు మించని బలంతో తెరవగలగాలి. అంటే ఆరు కిలోల బరువెత్తేటంత. ఇది సాధించడానికి భారం దిశ ఒకటి, విడుదల దిశ వేరొకటి కావాలి. భారం నాలుకను పొడుగునా లాగుతుంది. దాన్ని ఆపే గడియ అడ్డంగా ఉంటుంది. బొత్తాం ఆ గడియను మాత్రమే పక్కకు జరుపుతుంది, భారంతో కుస్తీ పట్టదు. ఇక్కడ స్ప్రింగు తప్పనిసరి. స్ప్రింగు వచ్చిందంటే దుమ్ము చొరబడకుండా డొప్ప రావాలి, దాంతో ఖర్చూ పెరుగుతుంది.

సి.బెళగల్ నేలకు, నల్లరేగడి దుమ్ముకూ వానకూ ఎండకూ తట్టుకునే బకిల్ ఒకటి కొత్తగా గీయమంటే ఎలా గీయాలి? ముందు పట్టీ పని అడగాలి. విప్పే అవసరం లేని కట్టయితే బేలు దారి, సందు కోసిన చట్రం, కత్తెర. చేత్తో రోజూ విప్పేదయితే ముల్లూ, ముల్లుకు తోడు వలయమూ. భారంలో విప్పాల్సినదయితే పుల్లా ఉచ్చూ, లేదా అడ్డగడియ. స్ప్రింగు లేకుండా జరిగే చోట స్ప్రింగు వద్దు. బంకమట్టి ఎండి లోపల రాయిలా గట్టిపడితే మొదట మొరాయించేది అదే. బకిల్ శరీరం తెరిచి ఉండాలి, చెంబెడు నీళ్లు పోస్తే మట్టి కారిపోవాలి. సన్నని సందులు పెట్టకూడదు. భాగాల నడుమ కాస్త ఎడం ఉండి, ఆ ఎడం వల్ల పట్టు తప్పకుండా చూసుకోవాలి.

పరీక్ష పెట్టే తీరు కూడా దీన్నిబట్టి మారాలి. బకిల్‌కు పెద్ద బరువు వేలాడదీసి, తెగలేదు కదా అని సంతోషిస్తే సగమే తెలుస్తుంది. తేలికైన బరువు కట్టి, ఎత్తుతూ దించుతూ, బిగువూ వదులూ మార్చిమార్చి వందలసార్లు ఆడించాలి. పట్టీ మీద మొదట్లో ఒక సుద్దగీత గీసి, అది చట్రం నుంచి ఎంత జరిగిందో కొలవాలి. పొడిగా ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి, బురద పూసి ఒకసారి. నూలు తాడు తడిస్తే బిగుసుకుని ఆరితే వదులవుతుంది, తోలు తడిస్తే సాగుతుంది, నైలాన్ తడిస్తే కొంచెం పొడుగవుతుంది. కాబట్టి తడి ఆరాక మళ్లీ కొలవాలి. చివరికి ఆ పట్టీని దానితో పరిచయం లేని మనిషి చేతికిచ్చి, చూపించకుండా కట్టమనాలి. తప్పుగా కట్టే దారి ఎన్ని ఉన్నాయో అప్పుడు బయటపడుతుంది. ఆ దారులను ఒక్కొక్కటిగా మూసేసేదాకా బకిల్ గీత మారుస్తూనే ఉండాలి.